పెళ్లి రాత్రి మా కారు సొమ్ములు ఒలుచుకుపోయిన వారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు తెలియదు. మీ ముఖం చూడలేదు. మీ చేతి పని మాత్రం రోజూ చూస్తున్నాను. మా కారు బానెట్ ముక్కు మీద, స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించిన చోట, రేకు సొట్టపోయి రంగు పెచ్చు లేచి ఉంది. రెండేళ్ల కిందట మాఘమాసంలో, తెనాలిలో మా మేనకోడలి పెళ్లి రాత్రి మీరు పెట్టిన గాటు అది.

ఆ రాత్రి కల్యాణ మండపం బయట వేపచెట్టు కింద కారు నిలిపాం. ముహూర్తం తెల్లవారుజామున. తలంబ్రాలయ్యాక, అప్పగింతల కోసం కారుకు బంతిపూల దండలు కట్టడానికి వెళ్లిన మా పెద్దబ్బాయి పరుగున వెనక్కి వచ్చాడు. వెళ్లి చూస్తే బానెట్ మీది మోరిస్ చిహ్నం లేదు. నాలుగు వీల్ కప్పులూ లేవు. కుడివైపు ట్రాఫికేటర్ చెయ్యి విరిగి వైరు మీద వేలాడుతోంది. మా మేనత్తలు ముగ్గురూ ఆ కారులోనే అత్తవారిళ్లకు వెళ్లారు. వాళ్లలో మిగిలిన ఒక్కరూ ఆ తెల్లవారుజామున చీర కొంగుతో ఆ గాటును తుడుస్తూ నిలబడ్డారు, తుడిస్తే పోయే మరక అనుకున్నట్టు.

స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్నాయన మర్యాదగానే అడిగారు, ‘వస్తువుల విలువ ఎంత వేయమంటారు?’ అని. నాకు మాట రాలేదు. తూకానికి వేస్తే వందల్లో తేలే సామాను అది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ లేఖ. అది వినాల్సింది ఆయన కాదు, మీరు. మీ దగ్గర కొని అమ్మినవారు, అలా అమ్మినదాన్ని కొని గోడకు తగిలించుకున్నవారు కూడా.

ముందు ఆ కారు ఏమిటో చెబుతాను. అది 1953 నాటి మోరిస్ మైనర్, 803 సీసీ ఇంజన్. మా తాతయ్య డాక్టరు. తెనాలి చుట్టుపక్కల పల్లెలకు ఆ కారులోనే తిరిగేవారు. ఈ కారును రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ తరవాతి రోజుల్లో ‘మినీ’తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మైనర్ నమూనా సిద్ధమయ్యాక, తయారీకి ముందు, ఎంత చూసినా కారు ఇరుకుగానే కనిపించిందట. నమూనాను నిలువునా కోయించి, రెండు సగాలనూ దూరం జరిపి, ఎంత జరిపితే చూపుకు ఆనుతుందో చూసి 4 అంగుళాల దగ్గర ఆపించాడు. ఆ 4 అంగుళాల గుర్తు ప్రతి మోరిస్ మైనర్ బానెట్ మధ్యలోనూ నిలువు పట్టీగా ఇప్పటికీ ఉంటుంది. మీరు స్క్రూడ్రైవర్ గుచ్చింది ఆ పట్టీ కొసనే.

1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన ఈ కారు, పది లక్షలు అమ్ముడైన తొలి బ్రిటిష్ కారు. అంతమంది కొన్న కారుకు అంత విలువేమిటని మీరు అనుకోవచ్చు. ఆ లక్షల్లో మా తాతయ్య నడిపింది ఒక్కటే. పల్లెలో రోగిని చూసి బయటికొచ్చాక, ఆయన కారెక్కే ముందు బానెట్ దగ్గర నిలబడి, మందు ఎలా వాడాలో ఇంటివాళ్లకు రెండుసార్లు చెప్పేవారట. చెబుతున్నంతసేపూ బొటనవేలు ఆ చిహ్నం అంచు మీద ఆడుతూ ఉండేదట. అందుకే దాని కుడి అంచున మెరుగు పోయి లోపలి లోహం బయటపడింది. కారు బాగుచేయించినప్పుడు ప్లేటింగ్ చేసే ఆయన ‘కొత్తదానిలా చేసిస్తాను’ అన్నా నేను ఇవ్వలేదు. కారు మొత్తం మీద మేం ముట్టుకోకుండా వదిలేసింది ఆ ఒక్క వస్తువునే.

ఇక బాగుచేయడం సంగతి. తాతయ్య పోయాక కారు ఊళ్లో సావిడిలో వరిగడ్డి పక్కన ముప్ఫై ఏళ్లకు పైగా నిలబడిపోయింది. 2009లో తాళ్లు కట్టి లారీ ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కు తెచ్చాం. ఫ్లోర్ రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగేది. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే కీలు ఉంటుంది. దానికి వేళకు గ్రీజు కొట్టకపోతే మర అరిగి, ఒకరోజు చక్రం కారు కిందికి ముడుచుకుపోతుంది. మోరిస్ మైనర్‌కు ఉన్న పెద్ద జబ్బు అదే. రెండువైపులా కొత్త మర కోయించాం. పెట్రోలు ట్యాంకు వేడినీళ్లతో ఏడుసార్లు కడిగించాం. టింకరింగ్ మేస్త్రి కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు వంచి అతికి, లప్పం కింద దాచకుండా అతుకు చూపించి మరీ ఒప్పించాడు. ఇంజన్ మొదటిసారి కదిలే ముందు పెట్రోలు పంపు టక్ టక్ టక్ మని కొట్టుకున్న చప్పుడు విని మా నాన్న కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పుడు ఆయన చిన్నప్పటి పొద్దులది. ఈ పనికంతా ఆరేళ్లు పట్టింది.

ఇంజన్, బ్రేకులు, చాసిస్ తెలిసిన విద్య. మేస్త్రీలకు ఒక దారి ఉంటుంది. పాత కారులో అసలు కష్టమంతా చిన్న సామానుతోనే. కంపెనీ అమర్చి ఇచ్చిన దీపం, మీటరు, కొక్కెం, కప్పు వంటి వాటి కొలతలు ఎవరి దగ్గరా ఉండవు. పోయినదాన్ని చూసి చేయాలి, చూడ్డానికి మిగలకపోతే ఊహించి చేయాలి. ఈ కారుకు బ్యాటరీ పాజిటివ్ కొనను ఎర్త్ చేస్తారు. ఇప్పటి కార్లకు నెగటివ్. కాబట్టి బజారులో దొరికిన ప్రతి కొత్త పరికరాన్నీ తెచ్చి తగిలించడం కుదరదు.

ట్రాఫికేటర్ అంటే ఈ తరానికి తెలియదు. ఇప్పుడు మలుపు దగ్గర దీపం మినుకుమంటుంది. ఆ రోజుల్లో కారే చెయ్యి చాపేది. ముందు తలుపు వెనకాల ఉన్న స్తంభంలో సన్నటి గాడి ఉంటుంది. అందులో జానెడు పొడవున్న చెయ్యి ముడుచుకుని ఉంటుంది. డ్రైవరు స్విచ్ తిప్పగానే లోపలి రాగితీగ చుట్టకు కరెంటు పారుతుంది. చుట్ట అయస్కాంతమై ఒక ఇనప కడ్డీని లాక్కుంటుంది. ఆ కడ్డీకి తగిలించిన చెయ్యి అడ్డంగా లేచి నిలుస్తుంది. చేతిలో 3 వాట్ల చిన్న బల్బు, దాని మీద నారింజ రంగు తొడుగు. గతుకుల్లో చెయ్యి ఊగిపోకుండా ఒక కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. కరెంటు పారినప్పుడు ముందు కొక్కెం వదులుతుంది, ఆ తరవాతే చెయ్యి లేస్తుంది. కరెంటు లేకుండా వేళ్లతో పట్టి లాగితే కొక్కెం వదలదు. లాగేవారి బలమంతా ఇరుసు మీద పడుతుంది. మీరు చేసింది అదే. అది ఊడి చేతికి రాలేదు. విరిచి వదిలేశారు.

ఆ చుట్టకు ఒక కథ ఉంది. సావిడిలోంచి కారు తెచ్చినప్పుడు అది కాలిపోయి ఉంది. ఆటోనగర్‌లో ఎవరూ ముట్టుకోలేదు. చివరికి రైతుల బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒక ముసలాయన తీసుకున్నాడు. కాలిన తీగను ఒక్కొక్క చుట్టే విప్పుతూ, అగ్గిపెట్టె వెనక గీతలు పెట్టుకుంటూ లెక్క రాసుకున్నాడు. అంత సన్నటి తీగ దొరక్క మొదటిసారి కాస్త లావు తీగ చుట్టాడు. చుట్లు తక్కువ పట్టాయి, కరెంటు ఎక్కువ లాగింది. రెండు నిమిషాల్లో వార్నిష్ కాలిన వాసన వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. విప్పేశాడు. సన్నటి తీగ తెప్పించేదాకా మూడు వారాలు ఆగి, మళ్లీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం స్విచ్ తిప్పితే చెయ్యి లేచింది. ఆయన దాని ఎదుట నిలబడి, స్విచ్ ఆపమని, మళ్లీ వేయమని, పదిసార్లు చూసుకున్నాడు. డబ్బులు అడగడం మరిచిపోయాడు.

ఇప్పుడు ఆయన లేరు. మీరు విరిచిన చేతిని మేం మళ్లీ చేయించాం. లేత్ మీద ఇరుసు తీయించి, రేకు వంచి, తొడుగును అక్రిలిక్ ముక్కలోంచి అరగదీసి అమర్చడానికి నాలుగు నెలలు పట్టింది. లోపలి చుట్ట మాత్రం ఆయన చుట్టిందే. దేవుడి దయ వల్ల మీ బలం అక్కడిదాకా పోలేదు.

వీల్ కప్పుల సంగతీ వినండి. నాలుగింటిలో రెండు తాతయ్య నాటివి. మిగతా రెండూ నేను చెన్నై పుదుపేట పాత సామాను బజారులో, నాలుగుసార్లు తిరిగితే దొరికినవి. మధ్యలో ‘ఎమ్’ అక్షరం ఉబ్బెత్తుగా ఉంటుంది. ‘ఇంగ్లండులో కొత్తవి చేసి అమ్ముతున్నారుగా, తెప్పించుకోరాదా’ అని చాలామంది అన్నారు. నిజమే, తెప్పించుకోవచ్చు. అయినా ఇక్కడే చేయించాలనుకున్నాను. మోరిస్ మైనర్ అదృష్టం గల కారు, దాని సామాను ఇంకా దొరుకుతోంది. రేపు ప్రపంచంలో ఎక్కడా దొరకని భాగం పోగొట్టుకున్నవారికి మన దగ్గరి పనితనమే దిక్కు. ఆ పనితనం బతకాలంటే దానికి పని ఇవ్వాలి.

అందుకే తణుకు దగ్గర అజ్జరం వెళ్లాను. ఇత్తడి బిందెలకూ గంగాళాలకూ పేరున్న ఊరది. లేత్‌కు చెక్క అచ్చు బిగించి, దాని మీద గుండ్రటి ఇత్తడి రేకు ఆనించి, తిరుగుతున్న రేకును పొడవాటి కడ్డీతో కొద్దికొద్దిగా ఒత్తుకుంటూ పోతే రేకు అచ్చు ఒంటికి అతుక్కుంటుంది. ఒత్తేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిన దాన్ని ఇంకా ఒత్తితే చిట్లుతుంది. అందుకని మధ్యలో ఆపి, నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్లీ ఎక్కించాలి. ఒక్కో కప్పుకు మూడుసార్లు కాల్చారు. ‘ఎమ్’ అక్షరాన్ని వెనకవైపు నుంచి ఉలితో పొడుచుకుంటూ తేల్చారు.

మొదటి కప్పు బిగించుకుని బయల్దేరితే ప్రకాశం బ్యారేజీ మీద ఊడి దొర్లుకుంటూ పోయింది. చక్రం మీది బొడిపెలను కప్పు అంచు బిగిసి పట్టుకోవాలి. ఉక్కు రేకుకు ఉన్నంత స్ప్రింగు గుణం కాల్చి మెత్తబరిచిన ఇత్తడికి ఉండదు. మళ్లీ అజ్జరం వెళ్లి, అంచుకు మందం పెంచి, లోపల ఉక్కు పట్టీ వేయించాం. తరవాత ప్లేటింగ్. క్రోమ్ మెరుస్తుందని అందరం అంటాం గానీ, క్రోమ్ పూత పల్చటి పొర మాత్రమే. నిగనిగ అంతా కింది నికెల్‌ది. ఆ కిందున్న రాగి పూతది, దానికీ కింద గంటల తరబడి బఫ్ పట్టి నునుపు తేల్చిన చేతిది. రేకు మీద ఒక్క గీత మిగిలినా పూత దాన్ని కప్పిపెట్టదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

కొత్త కప్పుల లోపలివైపు అవి తయారైన ఏడాదిని చెక్కించాను. పాత వాహనాల సంరక్షకుల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫివా’ రూపొందించిన టూరిన్ చార్టర్ కూడా, మార్చిన భాగాన్ని గుర్తుపట్టేలా ఉంచమనే చెబుతుంది. కొత్తదాన్ని పాతదని నమ్మించడం మా ఉద్దేశం కాదు. రేపు మా మనవలకు ఏది తాతయ్య నాటిదో, ఏది మేం చేయించిందో తెలియాలి.

ఇదీ లెక్క. వీల్ కప్పు ఊడదీయడానికి మీకు పట్టింది ఐదు క్షణాలు. నాలుగూ మళ్లీ చేయడానికి పట్టింది పదకొండు నెలలు. ఫిర్యాదులో వేయాల్సిన విలువ ఇదని ఆ రోజు నాకు తోచలేదు.

ఈ పని చేసేది మీరొక్కరే కాదని నాకు తెలుసు. రోల్స్ రాయిస్ ముక్కు మీద రెక్కలు చాచి ముందుకు వంగి నిలబడిన బొమ్మను 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేశాడు. ఇప్పటి రోల్స్ రాయిస్ కార్లలో కారు తాళం వేస్తే ఆ బొమ్మ లోపలికి దిగిపోతుంది. దొంగ చేతికి చిక్కకుండా చేసిన ఏర్పాటది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌కు చుట్టూ కాపలా ఉంటుంది. రాజుగారి కారుకు కాపలా ఉంది, డాక్టరుగారి కారుకు లేదు. అయితే ఈ నేల మీద మామూలు మనుషులు ఎలా బతికారో, ఏ రోడ్ల మీద తిరిగారో, రోగి దగ్గరికి రాత్రిపూట ఎలా చేరారో చెప్పేది డాక్టరుగారి కారే. అలాంటివి ఇప్పుడు సావిళ్లలో, గోదాముల్లో, పాత బంగళాల వెనక చాలా కొద్దిగా మిగిలాయి.

చట్టం కూడా వాటిని గుర్తించింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా మూలరూపంలో కాపాడుకున్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. మూలరూపం అన్న ఆ ఒక్క మాట కోసం యజమానులు ఏళ్ల తరబడి ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. చిహ్నం తీసేస్తే కారు నడవదా అని మీరు అడగొచ్చు. నడుస్తుంది. తాళి తీసినా మనిషి నడుస్తుంది. అందుకని తీస్తామా?

మీ తరఫున ఒక మాట కూడా ఆలోచించాను. ‘మేం తీయకపోతే తుక్కులో పోయేదే’ అని కొందరు అంటారు. తుక్కుకు పోతున్న కారు నుంచి దీపమో మీటరో కాపాడి దాచినవారికి నేను చేతులెత్తి మొక్కుతాను. పుదుపేటలో నాకు రెండు కప్పులు దొరికింది అలాంటివారి వల్లే. చచ్చిన కారు నుంచి తీసిన భాగం ఇంకో కారును బతికిస్తుంది. బతికి ఉన్న కారు నుంచి పెకలించిన భాగం ఎవరినీ బతికించదు. అది ఒక గోడ మీద బొమ్మవుతుంది.

ఆ గోడల యజమానులకు ఒక మనవి. కాఫీ హోటలు అలంకరణకో, ఇంటి హాలులోకో పాత కారు చిహ్నం కొనే ముందు, ‘ఇది ఏ కారుది, ఆ కారు ఏమైంది?’ అని అడగండి. అమ్మేవారు జవాబు చెప్పలేకపోతే కొనకండి. మీరు కొనకపోతే పెళ్లిళ్ల దగ్గర స్క్రూడ్రైవర్లు జేబుల్లోంచి బయటికి రావు.

పాత కార్లున్నవారికి కూడా ఒక మాట. ఊడి వచ్చే ప్రతి భాగానికీ ముందూ వెనకా ఫొటో తీసి పెట్టుకోండి. లోపలివైపు చిన్న గుర్తు చెక్కించండి. జనంలోకి తీసుకెళ్లేటప్పుడు నకలు బిగించి, అసలుదాన్ని ఇంట్లో పెట్టండి. ఇంతకాలం నేను ఈ పని చేయలేదు. చేసి ఉంటే ఈ లేఖ అవసరమయ్యేది కాదు.

చివరిగా మీకు. ట్రాఫికేటర్ మళ్లీ చెయ్యి చాపుతోంది. అజ్జరం కప్పులు చక్రాలకు ఉన్నాయి. వాటి కోసం నేను అడగడం లేదు. బానెట్ మీది చిహ్నానికి మాత్రం నకలు చేయించలేదు. దాని రంధ్రాలు పూడ్చలేదు, ఆ సొట్ట తీయించలేదు. గాలికి తుప్పు పట్టకుండా నెలకోసారి అంచులకు గ్రీజు రాస్తున్నాను.

అది మీ దగ్గర ఉన్నా, మీ చేతులు దాటిపోయి ఎవరి దగ్గర ఉన్నా, గుర్తుపట్టడం తేలిక. కుడి అంచున, బొటనవేలు ఆనేంత మేర, మెరుగు పోయి లోపలి లోహం కనిపిస్తుంది. ఫిర్యాదు చేసిన స్టేషన్ గుమ్మంలో ఒక కాగితంలో చుట్టి పెట్టి వెళ్లిపోండి. ఎవరు తెచ్చారని నేను అడగను.

ఇట్లు,
ఒక మోరిస్ మైనర్ యజమాని,
విజయవాడ